తూకం

కిషినౌ స్టేషన్ పక్క పాత సామాన్ల సంతలో
అగ్రిపీనా పుస్తకాల్ని కిలోల లెక్కన అమ్ముతుంది.
ఆపిల్ పెట్టెలు, తుప్పు పట్టిన కాటా,
అరకిలో గుండు పోతే దాని బదులు
ఎవరి తలుపుదో ఒక గొళ్లెం.
వ్యాకరణం బరువనీ ప్రేమకథ తేలికనీ అనుకుంటాం గానీ
తడిసినప్పుడు అన్నీ ఒకటే.

చివరి పెట్టె మీద గోనె కప్పి ఉంటుంది.
అందులో ఉన్నది ఆమె భాషే.
అక్షరాలు మాత్రం ఇప్పటివి కావు.
ఆమెకు నలభై నిండని రోజుల్లో, ఒక వేసవి చివర,
లిపి మార్చారు.
కూడళ్లలో జనం పాడారు, ఏడ్చారు, తనూ ఏడ్చింది.
మర్నాడు బడికి వెళ్లి
పలక పట్టిన పిల్లలా సంతకం నేర్చుకుంది.

"మాట మారలేదయ్యా, చొక్కా మారింది" అంటుంది.
"కానీ కుక్కలు మొరిగేది చొక్కాని చూసే కదా."

ఆ పెట్టెలోవి కొనేది పొయ్యిలోకి.
గట్టి అట్టలవి ఎక్కువసేపు మండుతాయట.
పొడుగాటి కోటు వేసుకున్న ఒకాయన
ప్రతి శనివారం వస్తాడు,
వాసన చూస్తాడు, పేజీ పేజీ తిప్పుతాడు,
చెమ్మ ఉందేమోనని.
ఈ మధ్య అంత శ్రద్ధగా పుస్తకం తిప్పే మనిషిని
నేను చూడలేదు.

నా సంగతా?
ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి.
ఇంకొకరి కామాల మీద ఇరవై ఏళ్లు తిన్నాను.
నాలుగేళ్లుగా నా కోసం ఏ పుస్తకమూ
ముగింపు దాకా చదవలేదు.
వేలు పైకి జరుపుతుంటే లోకం జారిపోతూనే ఉంటుంది,
దానికి అంచు లేదు,
అంచు లేని చోట తప్పు ఎక్కడ దిద్దను?

మొన్న శనివారం మంచు.
కాటా పళ్లెంలో ఆ కోటాయన ఎంచుకున్న నాలుగు పుస్తకాలు.
డబ్బు కూడా ఇచ్చేశాడు.
అగ్రిపీనా మనవడు దోరిన్, పదిహేనేళ్లవాడు,
పైనున్న వంటల పుస్తకాన్ని సరదాకి ఫోనుకు చూపించాడు.
ఫోను దాన్ని రష్యన్ అనుకుంది.
కాస్త ఆలోచించి
"రెండు చెంచాల సైన్యం, సన్నగా తరిగినది" అంది.
అందరం నవ్వాం. మళ్లీ చూపిస్తే
భాష గుర్తించలేకపోతున్నానని ఒప్పుకుంది.

"ఇలా తే" అని ముసలామె కళ్లజోడు తుడుచుకుని
పైకి చదివింది.
ఉల్లిపాయ. ద్రాక్షాకులు. గొర్రె జున్ను.
సన్నని సెగ మీద, మూత తీయకుండా.
వాడి మొహం చూడాలి!
"ఇది మన భాషే!"
కంటికి గోడ అయినది చెవికి వాకిలైంది.
పుట్టినప్పుడు మనం విన్నది అక్షరమా ఏమన్నానా,
వంటింట్లోంచి ఎవరో ఎవర్నో పిలిచిన కేక.
పుస్తకం ఆ కేకను దాచిన ఊరగాయ జాడీ.
మూత మీద చీటీ చెరిగిపోయిందని
లోపలిది పారబోస్తామా?
పారబోస్తాం. రోజూ పారబోస్తున్నాం.

చదువుతూ చదువుతూ ఆమె ఆగింది.
పేజీ పక్కన, పెన్సిలుతో,
పన్నెండేళ్ల కిందట పోయిన ఎమిలియాన్ చేతిరాత,
ఆ పాత అక్షరాల్లోనే:
"ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు. అలిసిపోయి ఉంది."

కాసేపు మంచు పడే చప్పుడు కూడా లేదు.

"ఇప్పుడా చెప్పడం" అంది పుస్తకంతో.

పుస్తకం ఒడిలో పెట్టుకుంది.
కాటా ఒక పక్కకి ఒరిగింది. కోటాయన దగ్గాడు.
ఆమె వంగి, పెట్టె అడుగునుంచి
లావాటి నిఘంటువు తీసి పళ్లెంలో పెట్టింది.
ఒక్క వాక్యానికి బదులు, ఉన్న మాటలన్నీ.
మొగ్గు ఆయన వైపే ఉంది.
ఆయన సంతోషంగానే వెళ్లాడు.

నేను మాత్రం ఆ రాత్రి నిద్రపట్టక
ఏ ఇంటి పొగగొట్టం లోంచి
ఏ అక్షరం దాకా వచ్చి ఉంటుందో అనుకుంటూ
కిటికీ దగ్గర కూర్చున్నాను.
దోరిన్ కేక ఇంకా చెవిలోనే ఉంది.
బామ్మా, ఉప్పు నిజంగానే ఎక్కువైందా?